ఆప్టిమా నోవా ఇటాలిక్: ఏడేండ్లు వాడినాక

చిత్తూరులో డీటీపీ పని నాది, జాస్తి పెండ్లి పత్రికలు, మధ్యలో మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్ళు. ఆప్టిమా నోవా ఇటాలిక్ కొని ఏడేండ్లయింది, ఇన్నాళ్ళూ విసుగు రాకుండా వాడిన ఫాంట్ ఇదొక్కటే.

మ్యాక్‌లో ఊరికే వచ్చే ఆప్టిమా వేరు, ఇది వేరు. హెర్మన్ జాఫ్ గీసిన పాత ఆప్టిమా 1958లో వచ్చింది, దాంట్లో ఇటాలిక్ అంటే నిలువు అక్షరాన్నే పక్కకి వంచినట్టు ఉంటాది. 2002లో జాఫ్, అకిరా కోబయాషి కలిసి నోవా చేసినప్పుడు ఇటాలిక్‌ని నిజంగా ఇటాలిక్‌గా, అంటే వంచడం కాకుండా చేతిరాత తీరులో వేరేగా గీసినారు, రెండిట్లో చిన్న ఎఫ్ పక్కపక్కన పెట్టుకుంటే ఇంగ చెప్పాల్సిన పని లేదు.

కోరల్‌డ్రాలో (డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) బాగా జూమ్ చేసి ఒక్క పెద్ద ఐ చూడండి. సెరిఫ్, అంటే అక్షరం కొసన ఉండే చిన్న అడ్డగీత, విడిగా అంటించినట్టు ఉండదు, గీత నడుం కాడ సన్నబడి కొసలకి పోయేకొద్దీ మెల్లగా విప్పారతాది. 1950లో ఫ్లారెన్సులో సాంతా క్రోచే చర్చికి పోయినప్పుడు నేలమీది సమాధి రాళ్ళ అక్షరాలు చూసి, కాగితం లేక 1000 లీరాల నోటు మీదే గీసుకున్నాడంట జాఫ్. రాతి నుంచి వచ్చిన అక్షరం మళ్ళీ రాతికే పోయింది, వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం గోడ మీద 58 వేలకు పైగా పేర్లు ఆప్టిమాలోనే ఉండాయి (అది నిలువుది లెండి), ఆ నల్ల గ్రానైట్ మన పక్కనుండే బెంగళూరు నుంచి పోయిందే అని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

పెండ్లి పత్రికల్లో దీని బలం గోల్డ్ ఫాయిల్ (బంగారు రంగు రేకు అచ్చు) కాడ తెలుస్తాది. గరుకు అట్ట మీద వెంట్రుక లాంటి సెరిఫులుండే ఫాంట్లు కొసల్లో తెగిపోతాయి, దీనికి కొసలే లావు కాబట్టి నిలబడతాది. పైన తెలుగు పేర్లు నిటారుగా, కింద ఇంగ్లీషులో అవే పేర్లు 28 పాయింట్లలో ఈ ఇటాలిక్‌లో పెడతా, ఒకదాన్నొకటి తొక్కుకోవు. మొదట్లో ఒక పెండ్లికూతురి నాయన ప్రూఫు చూసి "ఏం నాయినా, అక్షరాలు పడిపోతా ఉండాయే" అన్నాడు, అచ్చయిన పత్రిక చేతికిచ్చినాక వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి ఇంకో వంద వేయించుకున్నాడు. అది నచ్చింది కదా అని తెలుగుని మాత్రం ఇటాలిక్ బటన్ నొక్కి వంచొద్దండీ, తలకట్లు జారిపోయినట్టు, గుడి దీర్ఘాలు పక్కక్షరం మీద వాలినట్టు అయిపోతాది, మన అక్షరం గుండ్రం, దానికి ఆ వాలు పడదు.

బాగోలేనివీ ఉండాయి. 6 పాయింట్లలో మామూలు లేజర్ ప్రింటర్ మీద ఆ నడుం వంపు మెట్లు మెట్లుగా పడతాది, అందుకే లేబుల్ మీద తోతాపురి అన్న పేరు ఒక్కటే దీంట్లో పెట్టి పదార్థాల లిస్టు వేరే ఫాంట్‌లో కొడతా. నా దగ్గరుండే వెర్షన్‌లో రూపాయి గుర్తు లేదు, ధర వేయాలంటే వేరే ఫాంట్ నుంచి తెచ్చుకోవాల్సిందే. ఇంగ ఫైల్ బయటికి పంపేటప్పుడు కర్వ్స్‌లోకి, అంటే అక్షరాలని ఫాంట్ అవసరం లేని బొమ్మలుగా, మార్చే పంపండి, ఒకసారి నేను మార్చకుండా పంపితే ఆ ప్రెస్సోళ్ళు వాళ్ళ సిస్టంలో వేరే ఫాంట్ వచ్చినా చూసుకోకుండా 500 పత్రికలు కొట్టేసినారు, ముహూర్తానికి తొమ్మిది రోజులే ఉండాది అప్పటికి, మళ్ళీ నా డబ్బుతోనే వేయించి ఇచ్చినా.

ఫ్యామిలీ మొత్తం కొనక్కర్లేదు, రెగ్యులర్ ఇటాలిక్, మీడియం ఇటాలిక్ రెండే నేను కొనింది.