నాగిని ట్యూన్: పాములోళ్ల బుర్రా, కీబోర్డా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బరాత్ ఆగిందంటే నాగిని ట్యూన్ పడాల్సిందే, ఎవడో ఒకడు నోట్లో కర్చీఫ్ పెట్టుకుని రోడ్డు మీద దొర్లాల్సిందే. అది పాములోళ్లు ఊదే నాగస్వరమేనని చాలామంది నమ్మకం. కాదు. 1954లో వచ్చిన హిందీ సినిమా ‘నాగిన్’లో ఆ శబ్దం క్లావియోలిన్‌ది. వాయించింది కల్యాణ్‌జీ, తోడు రవి హార్మోనియం; ఇద్దరూ తర్వాత హిందీ సినిమా సంగీత దర్శకులయ్యారు. 1947లో ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ తయారుచేసిన చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డ్ ఈ క్లావియోలిన్.

తేడా పట్టాలంటే ట్యూన్‌ని వదిలేసి దాని కింద ఏం మోగుతుందో వినండి. అసలు నాగస్వరంలో సొరకాయ బుర్రకి రెండు గొట్టాలుంటాయి, ఒకటి ట్యూన్ పలుకుతుంటే రెండోది ఒకటే శ్రుతి పట్టుకుని గుయ్యిమంటూనే ఉంటుంది, ఊదేవాడు బుగ్గల్లో గాలి ఆపుకుని ముక్కుతో పీలుస్తాడు కాబట్టి ఎక్కడా తెగదు. క్లావియోలిన్‌కి అంత లేదు, ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. వణుకు కూడా గమనించండి: మెషీన్‌ది కొలిచినట్టు ఒకే వేగం, మనిషిది ఊపిరిని బట్టి మారుతుంది.

నిజం చెప్పాలంటే నాకు క్లావియోలినే ఎక్కువ నచ్చుతుంది, మోకాలితో మీట నెట్టి సౌండ్ పెంచుతూ తగ్గిస్తూ వాయిస్తే పాము పడగ ఊపినట్టే ఉంటుంది.