అమీర్‌పేట శిక్షణ, బ్రిటన్ మాస్టర్స్: ఎక్కడ ఏం నేర్చుకున్నాను

అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చుని నేను నేర్చుకున్నది డిజిటల్ మార్కెటింగ్ పనిముట్ల వాడకం: గూగుల్ యాడ్స్‌లో ఒక కీవర్డ్‌కు, అంటే జనం వెతికే మాటకు, ఎంత వేలం పాడాలి, ఫేస్‌బుక్ ప్రకటనను ఏ వయసువారికి చూపాలి వంటివి. ఉద్యోగమే తొందరైతే అది చాలు. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ మాత్రం ఆ ప్రకటన అసలెందుకని అడిగింది. అక్కడ నా మొదటి ఈమెయిల్ ప్రచార ప్రణాళికను, గ్రహీతల ముందస్తు సమ్మతి లేదన్న ఒక్క కారణంతో అధ్యాపకురాలు తిప్పి పంపారు. 2018 మే 25న అమల్లోకి వచ్చిన ఐరోపా వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ నాకు అంతవరకు ఒక పేరు మాత్రమే. మన దేశమూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది కనుక ఆ పాఠం ఇక్కడా అక్కరకొస్తోంది. ఖర్చులో పోలికే లేదు: చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయనివ్వని విద్యార్థి వీసాతో ఫీజు రాబట్టుకోవడం కల్ల.