పాత శాండర్లకు విడిభాగాలు కొనేవారికి హెచ్చరిక: "మీ మోడల్‌కు సరిపోతుంది" అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టకండి

పాత శాండర్‌ను (చెక్కను గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసే కరెంటు మెషీను) పారవేయకుండా బాగు చేసుకుని వాడుకోవాలనుకునే వారు నాలాగా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను. నా ర్యాండమ్ ఆర్బిటల్ శాండర్ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కార్బన్ బ్రష్షులు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు) అరిగిపోయి, కింది బేరింగు శబ్దం చేస్తూ, గరుకు కాగితం అతికించే ప్యాడ్ మీది వెల్క్రో పట్టు వదిలేయడంతో, ఈ మూడింటినీ ఒకే సెట్టుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక విక్రేత దగ్గర కొన్నాను. ప్రకటనలో నా మోడల్ నంబరు ఉంది, "ఒరిజినల్" అని కూడా రాసి ఉంది. అంతకు మించి నేనేమీ అడగలేదు.

అసలు నష్టం బ్రష్షులతోనే జరిగింది. చూడటానికి అవి పాతవాటిలాగే ఉన్నాయి గానీ, హోల్డరులో కాస్త బిగుతుగా కూర్చున్నాయి. కొత్తవి కదా, వాడుతుంటే సర్దుకుంటాయని అనుకున్నాను. బ్రష్ హోల్డరులో అడ్డు లేకుండా జారాలి, అది అరుగుతున్న కొద్దీ వెనుకనున్న స్ప్రింగు దానిని కమ్యుటేటర్ (ఆర్మేచర్ చివరన రాగి పట్టీలతో ఉండే, తిరిగే గుండ్రటి భాగం) మీదికి నెడుతూ ఉండాలి. బ్రష్ ఇరుక్కుపోతే రెండింటి మధ్య ఖాళీ ఏర్పడి, అక్కడ నిప్పురవ్వలు లేచి, కమ్యుటేటర్ రాగి పట్టీలు కాలిపోతాయి. కొద్ది రోజుల్లోనే గాలి రంధ్రాల్లోంచి నీలి మెరుపులు కనిపించాయి, కాలిన వాసన వచ్చింది. విప్పి చూసేసరికి కమ్యుటేటర్ నల్లబడి గుంటలు పడి ఉంది. మెషీన్‌లో అతి చవకైన భాగం వల్ల అతి ఖరీదైన ఆర్మేచర్ (మోటారులో తీగ చుట్టిన, తిరిగే భాగం) పోయిందన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం.

ప్యాడ్ సంగతి కూడా చెప్పాలి. స్క్రూ రంధ్రాలు సరిగ్గా కుదిరాయి, అయితే కొత్త ప్యాడ్ పాతదానికంటే మందంగా, బరువుగా ఉంది. ఈ రకం శాండర్‌లో ప్యాడ్ నడి ఇరుసు మీద కాకుండా కొద్దిగా పక్కకు జరిగి, చాలా మోడళ్లలో నిమిషానికి 12,000 సార్ల దాకా ఊగుతుంది; ఆ ఊపును సరిచేయడానికి లోపల అమర్చిన ఎదురు బరువును ఒరిజినల్ ప్యాడ్ బరువును బట్టే నిర్ణయిస్తారు. అందుకే బరువు మారగానే చేతులు తిమ్మిరెక్కేంత వణుకు మొదలైంది. అలాంటి వణుకు బేరింగులను కూడా త్వరగా పాడు చేస్తుంది. 125 మి.మీ. ప్యాడ్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు: స్క్రూల సంఖ్య, వాటి మధ్య దూరం, దుమ్ము లాగే రంధ్రాల అమరిక, మందం, ఇవన్నీ కలవాలి.

బేరింగుకైతే సెట్టు కొనవలసిన పనే లేదు. చాలా శాండర్లలో ఉండేవి ప్రామాణిక బేరింగులే, నంబరు వాటి మీదే చెక్కి ఉంటుంది. 608 అంటే లోపలి వ్యాసం 8, బయటి వ్యాసం 22, వెడల్పు 7 మి.మీ.; 6001 అంటే 12, 28, 8. ఆ నంబరు చెప్పి మంచి కంపెనీ బేరింగు విడిగా తీసుకోవచ్చు. అయితే నంబరు తర్వాత ఉండే అక్షరాలను వదిలేయకండి. నా పాత బేరింగుకు రబ్బరు సీలు ఉన్న "2ఆర్ఎస్" రకం ఉండగా, సెట్టులో వచ్చింది రేకు మూత ఉన్న "జెడ్‌జెడ్" రకం. రేకు మూత అంచున సన్నని సందు ఉంటుంది కాబట్టి, ఎప్పుడూ చెక్కపొడి మధ్యలో తిరిగే మెషీన్‌కు అది తగినది కాదు.

విక్రేతకు ఫొటోలతో సహా రాస్తే, బిగించిన వస్తువును వాపసు తీసుకోబోమని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. అందుకే డబ్బు కట్టక ముందే చేయవలసిన పనులు గట్టిగా చెబుతున్నాను. నేమ్ ప్లేట్ మీద మోడల్ పేరుతో పాటు ఉండే టైపు నంబరును కూడా పంపండి, ఎందుకంటే ఒకే మోడల్ పేరుతో వేర్వేరు టైపుల్లో లోపలి భాగాలు మారిపోయి ఉండవచ్చు. పాత భాగాన్ని పారవేయకుండా వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) కొలిచి, ఆ కొలతలకు సరిపోతుందని విక్రేత చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. కేటలాగు బొమ్మ కాకుండా, పక్కన స్కేలు పెట్టి తీసిన అసలు వస్తువు ఫొటో అడగండి. అది పంపడానికి ఒప్పుకోని వారి దగ్గర కొనకండి. బెల్ట్ శాండర్ లోపలి డ్రైవ్ బెల్టుకు పళ్ల సంఖ్య, వెడల్పు రెండూ లెక్కపెట్టి చూడాలి.

ఆర్మేచర్ కొనవలసి వస్తే మొదట చూడవలసింది వోల్టేజి. ఒకే మోడల్‌ను 120 వోల్టులకు, 230 వోల్టులకు వేర్వేరుగా చేసిన సందర్భాలు ఉన్నాయి. పొడవు, ఇరుసు, ఫ్యాను ఒకేలా ఉన్నా వైండింగ్ (తీగ చుట్టిన తీరు) వేరు. 120 వోల్టులది 230 వోల్టుల మెషీన్‌లో పెడితే కాలిపోతుంది. నాకు విడిగా ఆర్మేచర్ దొరకక, చివరికి అదే టైపుకు చెందిన, బాడీ పగిలిన మెషీన్‌ను కొని, దానిలోని ఆర్మేచర్ వేసుకున్నాను. మీరూ అలా కొనేటట్లయితే ముందు కమ్యుటేటర్ ఫొటో తెప్పించుకోండి: అది నునుపుగా, ఒకే తీరు గోధుమ రంగులో ఉంటే తీసుకోవచ్చు, పట్టీల అంచుల్లో కాలిన నల్లటి మచ్చలు ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.