"యూత్ ఎడిషన్" చిన్న కారు బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేదాకా ఆగితే ఈలోపు ఇంకెవరో అదే టేబుల్ ముందు కూర్చుని సంతకం పెట్టేస్తారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. షోరూమ్ పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, అది తేలేవరకూ పేర్లు బయటపెట్టొద్దని తెలిసినవాళ్లు చెప్పారు. పేరు లేకపోయినా మీకు అర్థమవుతుంది. రెండు రంగుల బాడీ, నల్ల పైకప్పు, తలుపుల మీద చారలు, ఎర్ర దారంతో కుట్టిన సీట్లు, మధ్యలో పెద్ద టచ్‌స్క్రీన్, ప్రకటనలో నవ్వుతూ నలుగురు కాలేజీ పిల్లలు. తక్కువ ధరలో స్టైలుగా ఉండే చిన్న కారు, మొదటిసారి కొనేవాళ్ల కోసమే చేశామని చెప్పి అమ్మే కారు.

మా చెల్లికి ఇదే మొదటి కారు. లైసెన్స్ వచ్చి ఎంతో కాలం కాలేదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి దాచుకున్నదంతా డౌన్ పేమెంట్‌కి పోయింది, మిగతాది లోన్. బుకింగ్, ఎదురుచూపులు, "ఈ వారం వచ్చేస్తుంది మేడమ్" అనే ఫోన్లు అందరికీ తెలిసిన బాపతే, వాటి జోలికి పోను.

ఒక్క విషయం మాత్రం వివరంగా చెప్పాలి. టెస్ట్ డ్రైవ్ రోజు చెల్లి రంగు గురించి అడగలేదు, ముందు సేఫ్టీ గురించే అడిగింది. స్టెబిలిటీ కంట్రోల్ (కారు అదుపు తప్పి జారిపోకుండా ఆపేది) ఉందా, కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (గుద్దుకున్నప్పుడు తల పక్కన విచ్చుకునేవి) ఉన్నాయా అని పేరుపేరునా అడిగింది. సేల్స్ కుర్రాడు స్టీరింగ్ కింద ఎడమవైపు ఉన్న బటన్ చూపించాడు, జారుతున్న కారు బొమ్మ ఉన్న బటన్. తల పక్కన, పైకప్పుకి ఆనుకుని ఉండే స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చుపోసిన అక్షరాలు కూడా చూపించాడు. "మరి మేం కొనే యూత్ ఎడిషన్‌లో కూడా ఇవన్నీ ఉంటాయా?" అని మళ్లీ అడిగింది. "ఇందులో ఉన్నవన్నీ ఉంటాయి మేడమ్, పైన రంగు, సీట్లు, స్క్రీన్ అదనం" అన్నాడు. అదే మాట తర్వాత వాయిస్ మెసేజ్‌లో కూడా చెప్పాడు, అది మా దగ్గర భద్రంగా ఉంది.

డెలివరీ రోజు కారుకి పెద్ద రిబ్బన్ కట్టి, లైట్లు వేసి, ఫొటోలు తీశారు. చెల్లి లోపల కూర్చుని తాళం తిప్పింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. మీటర్ల దగ్గర దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, బెల్టుది, బ్యాటరీది, ఇంజన్‌ది, బ్రేకుల ఏబీఎస్‌ది. ఆ జారే కారు బొమ్మ వెలగలేదు. చెల్లి ఆపి మళ్లీ తిప్పింది. మళ్లీ వెలగలేదు. అప్పుడు చెయ్యి స్టీరింగ్ కిందకి పోనిచ్చి తడిమింది. టెస్ట్ డ్రైవ్ కారులో బటన్ ఉన్న చోట ఇక్కడ ఏ గుర్తూ లేని నల్ల ప్లాస్టిక్ బిళ్ల బిగించి ఉంది. నేను తల తిప్పి పక్కనున్న స్తంభం చూశాను. నున్నగా ఉంది, ఒక్క అక్షరం లేదు. సీటు పక్కన కుట్టి ఉండాల్సిన చిన్న ఎయిర్‌బ్యాగ్ గుర్తు కూడా లేదు. ఎర్ర దారం మాత్రం ఎంత కావాలంటే అంత ఉంది.

ఏం జరిగిందంటే, వాళ్లు ఆ కారులో అన్నిటికంటే తక్కువ ఫీచర్లతో వచ్చే రకం, అంటే కింది వేరియంట్ తీసుకుని, దానికి రంగులు వేసి, చారలు అంటించి, స్క్రీన్ బిగించి, ఎడిషన్ అని పేరు పెట్టారు. మాకు నడపడానికి ఇచ్చింది టాప్ వేరియంట్. ధర రెండింటికీ మధ్యలో ఎక్కడో పెట్టారు, చూసేవాళ్లకి అది పై వేరియంట్‌కి దగ్గరగా ఉన్నట్టే కనిపిస్తుంది.

మేనేజర్‌ని పిలిపించాం. ఇక్కడి నుంచి ప్రతి మాటా నాకు గుర్తుంది. ఆయన చెల్లి వైపు చూడలేదు, నా వైపు చూసి మాట్లాడాడు. కారు తనది, డబ్బు తనది, అడుగుతున్నది తను.

"బటన్ లేదండీ, టెస్ట్ డ్రైవ్‌లో ఉంది" అంది చెల్లి.

"అది వేరే వేరియంట్ కదమ్మా" అన్నాడు.

"రెండూ ఒకటే అని మీవాళ్లే చెప్పారు."

అప్పుడు నవ్వాడు. నవ్వి ఈ మాట అన్నాడు: "స్టెబిలిటీ కంట్రోల్ రేసులు కొట్టేవాళ్లకి కావాలి తల్లీ. నువ్వు ఇప్పుడే నేర్చుకున్నావు, మెల్లగానే పోతావు కదా, నీకెందుకు? నీకు కావాల్సింది కలరే కదా, అడిగిన కలరే వచ్చిందిగా."

చుట్టూ స్టాఫ్ ఉన్నారు, పక్క టేబుల్ దగ్గర వేరే కుటుంబం ఉంది. చెల్లి మొహం ఎర్రబడిపోయింది. వాయిస్ మెసేజ్ చేసిన సేల్స్ కుర్రాడు తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. మేనేజర్ ఆర్డర్ ఫారం తెప్పించి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లైను మీద వేలు పెట్టాడు: చిత్రాల్లో, ప్రదర్శన వాహనాల్లో కనిపించేవన్నీ అన్ని వేరియంట్లలో ఉండకపోవచ్చు. "సంతకం మీదే కదమ్మా?" అన్నాడు. తర్వాత సర్దిచెప్పడానికి ఫ్లోర్ మ్యాట్లు, ఒకసారి ఉచితంగా పాలిష్ ఇస్తామన్నాడు. తలకి తగలకుండా ఆపే ఎయిర్‌బ్యాగ్ అడిగిన మనిషికి కాళ్ల కింద వేసుకునే మ్యాట్లు ఇస్తానంటున్నాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

ఆయన చెప్పింది ఎంత తప్పో తెలియాలి, ఎందుకంటే ఇదే మాట మీకూ చెప్తారు. స్టెబిలిటీ కంట్రోల్‌కీ రేసులకీ సంబంధం లేదు. మీరు స్టీరింగ్ ఎటు తిప్పారు, కారు నిజంగా ఎటు తిరుగుతోంది అని అది సెన్సర్లతో అస్తమానం పోల్చి చూస్తుంది. తేడా వచ్చిందంటే ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికి తనే బ్రేకు వేస్తుంది, అవసరమైతే ఇంజన్ పవర్ తగ్గిస్తుంది. ఏబీఎస్ అలా కాదు, మీరు బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుంది, అంతవరకే. తడి రోడ్డు మీద మలుపులో ఏదో అడ్డం వచ్చి, కంగారులో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేస్తే కారు గింగిరాలు తిరగకుండా కాపాడేది స్టెబిలిటీ కంట్రోలే. అలా కంగారు పడేది ఎవరు? కొత్తగా నేర్చుకున్నవాళ్లే. అంటే ఇది అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్ల కారులోంచే దాన్ని తీసేసి, ఆ చోట చారలు అమ్ముతున్నారు.

చిన్న కార్లకి ఇది ఎందుకు ముఖ్యమో ప్రపంచానికి 1997లోనే తెలిసింది. ఆ ఏడాది అక్టోబర్‌లో స్వీడన్‌లో ఒక ఆటో పత్రికవాళ్లు అప్పుడే వచ్చిన చిన్న మెర్సిడెస్, ఏ-క్లాస్‌ని పరీక్షించారు. రోడ్డు మీదకి హఠాత్తుగా జంతువు వస్తే తప్పించినట్టు అటూ ఇటూ తిప్పే పరీక్ష అది. కారు బోల్తా పడింది. కంపెనీ మొదట సమర్థించుకోవాలని చూసినా చివరికి అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, అప్పటిదాకా ఖరీదైన కార్లకే ఉన్న స్టెబిలిటీ కంట్రోల్‌ని ఆ చిన్న కారులో అన్నిటికీ పెట్టింది. తర్వాత అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. తప్పనిసరి కాని చోటే ఈ వేరియంట్ల ఆట నడుస్తుంది. రేసులు కొట్టేవాళ్ల కోసమైతే అన్ని ప్రభుత్వాలు చట్టం చేస్తాయా? ఈ ప్రశ్న నేను ఆ మేనేజర్‌నే అడిగాను. "అవన్నీ వేరే దేశాలు మేడమ్" అని లేచి వెళ్లిపోయాడు.

షోరూమ్ గోడ మీద క్రాష్ టెస్టులో వచ్చిన సేఫ్టీ స్టార్ల పోస్టర్ కూడా ఉంది. స్టార్లు చూసి మోసపోకండి. ఏ వేరియంట్‌కి, ఏ ఏడాది వచ్చాయో అడగండి. యూరప్‌లో కార్లని గుద్దించి పరీక్షించి స్టార్లిచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2016 నుంచి కొన్ని కార్లకి రెండు రేటింగులు ఇస్తోంది, మామూలుగా వచ్చే పరికరాలతో ఒకటి, అదనపు సేఫ్టీ ప్యాక్ కొంటే ఇంకొకటి. పోస్టర్ మీద పెట్టుకునేది ఏదో వేరే చెప్పక్కర్లేదు. ఏడాది సంగతీ అంతే. ఫియట్ పుంటోకి 2005లో పెద్దవాళ్ల రక్షణకి ఐదు స్టార్లు వచ్చాయి, దాదాపు అదే కారుకి 2017లో సున్నా వచ్చింది. మధ్యలో పరీక్ష కఠినమైంది, కారు మాత్రం అక్కడే ఉండిపోయింది. మేం కొన్నది ఆ కారు కాదు, పాత స్టార్లు ఎంత పాతబడతాయో తెలియాలని చెప్తున్నాను. ఇలాంటి పరీక్షలే చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే ఇంకో సంస్థ అయితే సాధారణంగా అతి తక్కువ సేఫ్టీతో అమ్మే వేరియంట్‌నే పరీక్షకి తీసుకుంటుంది, అలాంటి రిపోర్ట్ ఉంటే ముందు అది వెతకండి.

ఇప్పుడు మా పరిస్థితి ఏమిటంటే, కారు చెల్లి పేరు మీదకి వచ్చేసింది, లోన్ వాయిదా మొదలవుతోంది. స్టెబిలిటీ కంట్రోల్ తర్వాత బిగించమంటే కుదరదని సర్వీస్ సెంటర్‌వాళ్లే చెప్పారు. సెన్సర్లు, బ్రేకు యూనిట్, వైరింగ్, కంప్యూటర్ అన్నీ కలిపి ఫ్యాక్టరీలో పెట్టాల్సినవి. ఎయిర్‌బ్యాగులదీ అదే సంగతి. టచ్‌స్క్రీన్ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడైనా పెట్టించుకోవచ్చు. ఇది వాళ్లకి బాగా తెలుసు, అయినా తర్వాత దొరికేది ముందు అమ్మి, తర్వాత దొరకనిది దాచిపెట్టారు. ఇంత కోపం అందుకే. చెల్లి ఇంకా ఆ కారు బయటికి తీయలేదు. తీయమని నేనూ అనలేకపోతున్నాను.

కొనబోయేవాళ్లకి తొందరగా నాలుగు మాటలు. పూర్తి డబ్బు కట్టకముందే, మీకు ఇవ్వబోయే కారునే చూపించమనండి, షోరూమ్‌లో నిలబెట్టిన కారు కాదు. ఛాసిస్ నంబర్ ఇన్‌వాయిస్ మీద ఉన్నదేనా చూసుకోండి. తాళం తిప్పినప్పుడు జారే కారు బొమ్మ వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా సంతకం పెట్టకండి. స్తంభాల మీద, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తులు చేత్తో తడిమి చూడండి. సీటు పక్కన గుర్తు ఉంటే దాని మీదకి వచ్చే ఫ్యాన్సీ సీటు కవర్లు ఉచితంగా ఇచ్చినా వద్దనండి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి అడ్డం పడొచ్చు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది, 2319 అంటే 2019లో 23వ వారం. కొత్త కారుకి పాత టైర్లుంటే అది ఎన్నాళ్లుగా యార్డులో పడుందో అడగండి. ఎడిషన్ అని చెప్తే "ఏ వేరియంట్ మీద కట్టిన ఎడిషన్?" అని అడిగి, సమాధానం ఆర్డర్ ఫారం మీదే రాయించుకోండి. రాయమనగానే గొంతు మారితే అక్కడే లేచి వచ్చేయండి.

ఇదే ఎడిషన్ ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే, ఈరోజే కిందకి దిగి కారులో కూర్చుని స్టీరింగ్ కింద ఎడమవైపు చెయ్యి పెట్టి చూడండి. ఖాళీ బిళ్ల తగిలితే షోరూమ్‌కి ఫోన్ చేసి టైం వృథా చేసుకోకండి. మీ ఛాసిస్ నంబర్, అమ్మినవాళ్లు చెప్పిన మాటలు, తేదీ అన్నీ రాసి నేరుగా కంపెనీకి పంపండి. ఒక్కరు అడిగితే మ్యాట్లు ఇచ్చి పంపించేస్తారు, ఒకే ఫిర్యాదు పదిమంది దగ్గర్నుంచి వెళ్తే జవాబు చెప్పక తప్పదు.