కెమెరాకు పోసిన డబ్బు ఫోకస్‌కు పెట్టాల్సింది

హనుమకొండలోని మా కాలేజీ ల్యాబ్‌కు బతికున్న కణాలను గంటల తరబడి ఫోటోలు తీసే లైవ్ సెల్ మైక్రోస్కోప్ వచ్చి ఏడాది దాటింది. డిష్‌ను కింది నుంచి చూసే లెన్సులు, ఎల్ఈడీ లైటు, పెద్ద కెమెరా, కణాలను వెచ్చగా ఉంచడానికి స్టేజి మీద కూర్చునే చిన్న ఇంక్యుబేటర్, అన్నీ ఒక సెట్. బ్రాండ్ పేరు రాయను. నేను చెప్పే తిప్పలు ఏ బ్రాండ్ కొన్నా కొంతవరకు తప్పవు.

మొదటి రాత్రే డబ్బులు వసూలయ్యాయనిపించింది. మూడు నిమిషాలకో ఫోటో పెట్టి ఇంటికి పోయాను. పొద్దున చూస్తే, డిష్ అడుగున జొన్నరొట్టెలా పరుచుకున్న హీలా కణం (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణం) అంచులు ముడుచుకుని గోళీలా లేచింది. లోపల క్రోమోజోములు నడుమ ఒక గీతలా సర్దుకున్నాయి. చాలాసేపు కదలిక లేదు. తర్వాత ఒక ఫోటోలో ఒకే గీత, ఆ పక్క ఫోటోలో రెండు! పందొమ్మిదేళ్లుగా బోర్డు మీద రంగు చాక్‌పీసులతో గీస్తున్న కణ విభజన బొమ్మ అది. కణానికి ఏ రంగూ వేయకుండా, పారదర్శకమైన కణాన్ని వెలుగునీడల తేడాతో చూపే ఫేజ్ కాంట్రాస్ట్‌లోనే కనబడింది.

రెండో రాత్రి వీడియో మాత్రం మసకబారుతూ, తేటపడుతూ, మళ్లీ మసకబారుతూ పోయింది. సర్వీస్ ఇంజినీర్‌కు ఫోన్ చేస్తే "వైబ్రేషన్ మేడం, టేబుల్ మార్చండి" అన్నాడు. టేబుల్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టాం. ఏం లాభం లేదు. వారం తర్వాత కనిపెట్టింది మా అటెండరన్న. "ఏసీ బందయి షురువైనప్పుడల్లా గిట్లనే అయితాంది, సూడున్రి మేడం" అన్నాడు. టైము రాసుకుని చూశాం. అక్షరాలా నిజం. 40ఎక్స్ లెన్స్‌లో స్పష్టంగా కనబడే లోతు సుమారు రెండు మైక్రాన్లే, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతులు రెండు. గది కాస్త చల్లబడి ఇనుము ఆ మాత్రం ముడుచుకుంటే చాలు, కణం ఫోకస్ దాటిపోతుంది. ఏసీ రెక్కలు పక్కకు తిప్పి, మైక్రోస్కోప్ వచ్చిన పెట్టెలోని థర్మాకోల్‌తోనే చుట్టూ గూడు కట్టాం. ముప్పావు వంతు నయమైంది.

మిగతా పావు వంతుకు మందు కొటేషన్‌లోనే ఉండె. ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని డిష్ అడుగుకు కొట్టి, తిరిగొచ్చిన దాన్ని బట్టి దూరాన్ని తానే సరిచేసుకునే ఆటోఫోకస్ అది. కమిటీలో మేమే దాన్ని కొట్టేసి పెద్ద కెమెరా తీసుకున్నాం. ఆ కెమెరా ఒక్కో ఫోటోకు 8 ఎంబీ తింటుంది. రెండు రంగుల్లో నిమిషానికోసారి తీస్తే రోజుకు దాదాపు 23 జీబీ. హార్డ్ డిస్కులకు విడిగా బడ్జెట్ పెట్టుకోండి.

ఎండాకాలం ఇంకో పాఠం. ఈ బుల్లి ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం రాదు. మే నెలలో కరెంటు పోతే యూపీఎస్ మైక్రోస్కోప్‌ను, కంప్యూటర్‌ను మోస్తుంది కానీ ఏసీని మోయదు. గది 37 డిగ్రీలు దాటితే కణాలకూ వడదెబ్బే. అలా రెండు డిష్‌లు పోయాయి. బ్రోచర్‌లో ఈ ముక్క లేదు.

అన్నిటికన్నా మోసం చేసేది వెలుగు. కణంలో చూడాల్సిన భాగం మెరిసేలా వాడే జీఎఫ్‌పీ జెల్లీ చేప నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రొటీన్; దాని మీద పనికి 2008లో నోబెల్ ఇచ్చారు. అది మెరవాలంటే నీలి కాంతి పడాలి. ఆ కాంతే కణాన్ని చంపుతుంది. మొదట్లో లైటు దండిగా పెట్టి నిమిషానికో ఫోటో తీశాను. సాయంత్రానికి విభజన ఆగిపోయి అంచుల నిండా బుడగలు లేచాయి. అదే రోజు వేసి, పెద్ద ఇంక్యుబేటర్‌లో చీకట్లో ఉంచిన డిష్‌లో మాత్రం కణాలు హాయిగా పెరిగాయి. ఆ రెండో డిష్ లేకపోతే కణాల మీద మేం పరీక్షిస్తున్న మందు ప్రభావమని రాసేసేదాన్నేమో. ఇప్పుడు చీకటి డిష్ లేకుండా ప్రయోగం మొదలుపెట్టనివ్వను.

లైటు తగ్గించి ఐదు నిమిషాలకోసారి తీస్తే కణాలు బతుకుతాయి కానీ బొమ్మ పాత టీవీలో చుక్కల్లా ఉంటుంది. 2019లో వచ్చిన నాయిస్‌టూవాయిడ్ అనే పద్ధతి అలాంటి బొమ్మల నుంచే నేర్చుకుని చుక్కలు తుడుస్తుంది, ఉచితం కూడా. చూపడానికి బాగుంటుంది. కొలతలు మాత్రం అసలు ఫోటోల మీదే చేస్తాను. లేని గీతను అది గీసిందో లేదో నాకెలా తెలుస్తుంది? కణాలు లెక్కపెట్టే పని సెల్‌పోజ్ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పాను, మా పిల్లల కన్నా ఓపికగా లెక్కపెడుతోంది.

"మేడం, సూపర్ రిజల్యూషన్ కొందామా?" అని పిల్లలు అడుగుతారు. మామూలు మైక్రోస్కోప్‌కు అందనంత చిన్న వివరాలు చూపే పద్ధతులవి; 2014 నోబెల్ దానికే వచ్చింది, కాదనను. కానీ అందులో చాలా పద్ధతులకు ఇంకా ఎక్కువ వెలుగో, ఇంకా ఎక్కువ ఫోటోలో కావాలి. మాకు ఈ మాత్రానికే కణాలు చస్తున్నాయి. నా ఆశంతా లైట్ షీట్ మీద. చూస్తున్న పొర వరకే పలుచటి వెలుగు రేకు పక్క నుంచి పడుతుంది, పైనా కిందా చీకటే. అది జిల్లా కాలేజీ బడ్జెట్‌లోకి ఎప్పుడొస్తుందో మరి.

లెన్సులకు ఐదుకు ఐదు, స్టేజి ఇంక్యుబేటర్‌కు రెండు, సర్వీస్‌కు రెండున్నర. ఆటోఫోకస్ కొటేషన్ మళ్లీ తెప్పించాం. అది వచ్చేదాకా థర్మాకోల్ గూడు తీయొద్దని అటెండరన్న దాని మీద మార్కర్‌తో రాసి పెట్టాడు.