గోడ మీద బూజుకి బ్లీచా, సబ్బునీళ్లా?

"గోడకి నల్లగా బూజు పట్టింది, బ్లీచ్ వాడమంటారా, వెనిగరా?" అని అడిగిన ప్రతివాళ్లనీ నేను తిరిగి అడిగేది ఒకటే: పట్టింది టైల్‌కా, గోడకా?

టైల్స్, గాజు లాంటి నీళ్లు పీల్చని వాటి మీద బ్లీచ్ బాగానే పనిచేస్తుంది. గోడ సంగతి వేరు. మా పడకగదిలో బీరువా వెనక బూజు కనబడగానే నేనూ బ్లీచే తెచ్చాను. పది నిమిషాల్లో మచ్చలు మాయం. మూడు వారాలు తిరక్కుండానే అదే మూల, అవే చుక్కలు. బ్లీచ్ తీసింది రంగుని మాత్రమే. అందులో ఎక్కువ భాగం నీళ్లే కదా, ఆ తడిని కాస్తా ప్లాస్టరు తాగేసింది! పైగా చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది. అందుకే దాన్ని చంపామా లేదా అన్నది కాదు, అక్కణ్ణుంచి తీసేశామా లేదా అన్నదే చూడాలి.

ఆ పని సబ్బునీళ్లు చేస్తాయి. తడిగుడ్డతో రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. పొడి చీపురుతో మాత్రం దులపకండి, ఇల్లంతా చల్లినట్టవుతుంది. ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకుని కిటికీలు తెరవండి. పిల్లల్నీ ఆస్తమా ఉన్నవాళ్లనీ ఆ గదిలోకి రానివ్వద్దు. మచ్చ సుమారు 10 చదరపు అడుగులు దాటినా, మురుగునీటి వల్ల వచ్చినా ఈ పని బాగా తెలిసినవాళ్లని పిలవడం మంచిది.

బ్లీచే వాడతానంటే అందులో ఇంకేదీ కలపకండి. వెనిగర్ గానీ టాయిలెట్ యాసిడ్ గానీ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ తగిలినా విషవాయువే.

వెనిగర్ ఒక్కటే వాడితే చిన్న మచ్చలకు పరవాలేదు, పాలరాయికి మాత్రం వద్దు. బూజు మీదే పెయింట్ వేస్తే కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడొస్తుంది. పరుపుకి లోపలిదాకా పడితే పారెయ్యడమే.

ఏది వాడినా నెమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకపోతే బూజు మళ్లీ వస్తుంది. గోడ మీద బూజు తుడిచిన చోటు పైకి పొడిగా ఆరాక, అక్కడే అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి, నాలుగు అంచులా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు తడి చేరితే పైపు లీకో, బయటి పగులో, నేలలోంచి ఎక్కే చెమ్మో ఉన్నట్టు. గదివైపు చెమర్చితే గదిలోని తేమే చల్లటి గోడకి పడుతున్నట్టు.

మాకు గదివైపే చెమర్చింది. చూస్తే, తడిబట్టలు ఆ గదిలోనే ఆరేస్తున్నాం, బీరువా గోడకి ఆనించి ఉంది. దాన్ని జానెడు ముందుకి జరిపాం, బట్టలు బయటికి మార్చాం. గదిలో తేమ 60 శాతం లోపు ఉంటోందా అని చిన్న మీటరు కూడా పెట్టాం. బూజు మళ్లీ రాలేదు, కానీ వారానికోసారి టార్చి పట్టుకుని ఆ బీరువా వెనక్కి తొంగిచూడటం నాకు అలవాటైపోయింది.