ఎన్‌వీఎంఈ-టీసీపీ: వేగానికి ఢోకా లేదు, తంటా అంతా అడ్రస్‌లతోనే

వేరే మెషిన్‌లోని డిస్క్‌ని నెట్‌వర్క్ మీదుగా సొంత డిస్క్‌లా వాడుకునే పాత పద్ధతి ఐస్కజీ (iSCSI) వదిలేసి, అదే పనికి వచ్చిన కొత్త పద్ధతి ఎన్‌వీఎంఈ-టీసీపీ (NVMe/TCP)కి మారి చాలా కాలమైంది. 2019లో లినక్స్ 5.0తో కెర్నెల్‌లోకి వచ్చిన ఈ డ్రైవర్ వేగం గురించి ఇప్పటికే బోలెడు మంది రాశారు. నాకు రోజూ పని పడేది మాత్రం అడ్రస్‌లతో, అందుకే ఆ సంగతే రాస్తున్నా.

ముందు మెచ్చుకోవాల్సింది. లినక్స్ ఐస్కజీ టార్గెట్ (డిస్క్ ఇచ్చే మెషిన్) సెట్టింగ్స్‌లో ఐపీ, పోర్ట్ కలిపి ఒకే డైరెక్టరీ పేరుగా ఉంటాయి. ఐపీవీ6 అయితే చదరపు బ్రాకెట్లు కూడా తగులుకుంటాయి. ఎన్‌వీఎంఈ-టీసీపీలో ఐపీ ఒక ఫైల్, పోర్ట్ నంబర్ ఒక ఫైల్, ఐపీవీ4నా 6నా అన్నది మరో ఫైల్. స్క్రిప్ట్ రాసేవాడికి ప్రాణం లేచొస్తుంది. నడుస్తున్న పోర్ట్‌కి (ఈ ఫైళ్లన్నీ కలిసిన సెట్టింగ్‌కి) అడ్రస్ మార్చబోతే, ముందు దాన్ని ఆపమని కెర్నెల్ మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఆ మొండితనం నాకు నచ్చింది.

ఇక తంటాలు. ఈ కనెక్షన్ ఇప్పటికే ఉందా అని చూసేటప్పుడు హోస్ట్ (డిస్క్ వాడుకునే మెషిన్) డ్రైవర్ అడ్రస్‌లని ఉత్త అక్షరాలుగా పోలుస్తుంది. ఐపీవీ6లో ఒకే అడ్రస్‌ని సున్నాలు కుదించీ రాయొచ్చు, విప్పీ రాయొచ్చు. రెండు రకాలుగానూ అందితే కెర్నెల్‌కి అవి రెండు అడ్రస్‌లు, కాబట్టి కంట్రోలర్లూ (కెర్నెల్ లెక్కలో ఒక్కో కనెక్షన్‌కి ఒకటి) రెండు లేస్తాయి. మల్టీపాత్‌లో (ఒకే డిస్క్‌కి ఒకటికి మించి దారులు పెట్టుకునే ఏర్పాటులో) రెండు దారులు కనబడి మనం ధీమాగా ఉంటాం, కేబుల్ చూస్తే ఒక్కటే. లాగ్‌లదీ ఇదే వరస: టార్గెట్ కుదించి ప్రింట్ చేస్తుంది, హోస్ట్ సున్నాలన్నీ విప్పి చూపిస్తుంది. ఒక మెషిన్‌లో కాపీ చేసిన అడ్రస్‌తో రెండో మెషిన్ లాగ్‌లో గ్రెప్ కొడితే (వెతికితే) ఒక్క లైనూ రాదు.

సర్వర్ పేరు ఇచ్చినా దాన్ని ఐపీగా మార్చేది కమాండ్ టూలే, కెర్నెల్‌కి డీఎన్‌ఎస్ తెలీదు. తర్వాత ఐపీ మారితే డ్రైవర్ 10 సెకన్లకోసారి పాత ఐపీనే పిలుస్తూ, డిఫాల్ట్‌గా 600 సెకన్లయ్యాక గానీ వదలదు.

లింక్-లోకల్ అడ్రస్‌ది (ఒకే నెట్‌వర్క్ లింక్ లోపల మాత్రమే పనిచేసే ఐపీవీ6 అడ్రస్) ఇంకో కథ. శాతం గుర్తు పక్కన ఇచ్చిన నెట్‌వర్క్ కార్డు పేరు, కంట్రోలర్ తయారయ్యేటప్పుడే ఇండెక్స్ నంబర్‌గా మారిపోతుంది. కార్డు డ్రైవర్ రీలోడ్ అయి కొత్త నంబర్ వచ్చిందంటే, రీకనెక్ట్ ఇంకా పాత నంబర్‌తోనే కుస్తీ పడుతుంది.

ఐపీవీ4లో, స్థిరమైన అడ్రస్‌లతో నడిపేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఐపీవీ6 వాళ్లు అన్నిచోట్లా కుదించిన రూపమే వాడాలని టీమ్‌లో మొదటిరోజే తేల్చుకోండి. ప్రొడక్షన్‌లో లింక్-లోకల్ జోలికి మాత్రం నేను పోను. ఐదుకి నాలుగు మార్కులు.